పడవ మురుగు, పేట నల్లా



విహారానికి తిరిగే పడవలలో పుట్టే మురుగును ఏం చేయాలి, ఎక్కడ వదలవచ్చు, ఎక్కడ వదలకూడదు అన్న నియమాలు లోకంలో ఎలా ఏర్పడ్డాయో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. షోలాపూర్ దాజీ పేట్ లో సాంచాల చప్పుడు మధ్య బతికేవారికి ఈ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. మనకు సముద్రం లేదు, ఓడరేవు లేదు. అయితే దాజీ పేట్ నల్లాలోకి వచ్చే నీరు ఎక్కడిదని ఒక్కసారి అడిగి చూడండి. అందులో చాలా భాగం భీమా నది మీది ఉజని జలాశయం నుంచి వస్తుంది. ఆ జలాశయం మీద పడవలు తిరుగుతున్నాయి. చలికాలంలో భిగ్వణ్ దగ్గర రాజహంసలను చూడటానికి జనం దూర ప్రాంతాల నుంచి వచ్చి పడవలెక్కుతున్నారు. జల విహారాన్ని ఇంకా పెంచాలన్న ఆలోచనలూ సాగుతున్నాయి. విహారం పెరగడం మంచిదే, నాలుగు కుటుంబాలకు కూడు దొరుకుతుంది. కాని ఒకరు విహరించే నీటినే మరొకరు తాగవలసి వచ్చినప్పుడు ఏ కట్టుబాటు ఉండాలి? లోకంలో చాలా దేశాలు ఈ ప్రశ్నను మనకంటే ముందే ఎదుర్కొన్నాయి. వాటి అనుభవం మనకు పనికివస్తుంది.

ముందుగా మన ఊరి నీటి సంగతి కొంచెం గుర్తు చేసుకుందాం. షోలాపూర్ కు నీటి విలువ కొత్తగా ఎవరూ నేర్పలేదు. పన్నెండో శతాబ్దంలో సిద్ధరామేశ్వరుడు ఇక్కడ చెరువు తవ్వించాడు. వానలు తక్కువైన ఈ నేలలో చెరువు తవ్వించడం గుడి కట్టించడంతో సమానమైన పుణ్యమని ఆనాటివారు భావించారు. ఈనాటికీ సంక్రాంతి జాతరకు వచ్చేవారు ఆ చెరువు మధ్యన ఉన్న సిద్ధేశ్వరుని దర్శించుకుంటారు. ఆ తర్వాత ఆంగ్లేయుల కాలంలో, 1871లో, ఊరికి ఉత్తరాన ఆదిలా నది మీద ఏక్రుఖ్ చెరువు పూర్తయింది. హిప్పర్గా చెరువని మనం పిలిచేది దానినే. మొదట సాగుకోసం కట్టిన ఆ చెరువు తర్వాత ఊరి దాహమూ తీర్చింది.

1860లో షోలాపూర్ కు రైలు వచ్చింది. 1877లో తొలి బట్టల మిల్లు మొదలైంది. ఆ కాలం నుంచే పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు బతుకుదెరువు వెతుక్కుంటూ ఇక్కడికి రాసాగాయి. దాజీ పేట్, భద్రావతి పేట్, సాఖర్ పేట్ వంటి పేటలలో తెలుగు మాట స్థిరపడింది. దాజీ పేట్ లో వెంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. జనం పెరిగారు, మగ్గాలు పెరిగాయి, రంగుల అద్దకం పెరిగింది, నీటి అవసరం పెరిగింది. పాత చెరువులు చాలలేదు. 1980లో భీమా నది మీద ఉజని ఆనకట్ట సిద్ధమైంది. దాని మొత్తం నిల్వ సుమారు 117 టి.ఎం.సి.లు. అందులో దాదాపు 63 టి.ఎం.సి.లు అడుగున ఉండిపోయే మృతనిల్వ. అంటే ఆ నీటిలో సగానికి పైగా కాలువల్లోకి పారదు, కదలకుండా నిలిచి ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మన కథలో దీనికి పని ఉంది.

ఇక పడవల సంగతికి వద్దాం. మన నదుల మీద పడవలు కొత్త కాదు. భీమా మీద, కృష్ణ మీద పుట్టిలో కూర్చుని రేవు దాటినవారు మన తాతల్లో ఎందరో ఉన్నారు. పండరిపురంలో చంద్రభాగ ఒడ్డున కోళీలు యాత్రికులను తరతరాలుగా నది దాటిస్తున్నారు. గోదావరి మీద ఒకనాడు ఆవిరి పడవలు నడిచాయి. అయితే రేవు దాటించే పడవలో మనిషి కూర్చునేది పావుగంటో, అరగంటో. ఆ పడవకు మరుగుదొడ్డి అక్కరలేదు. సముద్రం మీద నెలల తరబడి సాగే తెరచాప ఓడలకు మాత్రం అది తప్పనిసరి. ఆ ఓడలలో నావికులకు కాలకృత్యాల చోటు ఓడ ముక్కు దగ్గర ఉండేది. గాలి ఎక్కువగా వెనుక నుంచి వీస్తుంది కనుక వాసన ఓడ మీదికి రాదు. ముందునుంచి వచ్చే అలలు ఆ చోటును కడిగేస్తాయి. అందుకే ఆంగ్లంలో ఓడ మరుగుదొడ్డికి ఈనాటికీ తల అనే అర్థం వచ్చే పేరే నిలిచింది. మహాసముద్రం మధ్యన నలభైమందో, వందమందో మనుషులు. ఆ మురుగు ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరమూ రాలేదు.

అవసరం వచ్చింది నదుల మీద. లండన్ మహానగరం థేమ్స్ నదిలోకే మురుగు వదిలేది, ఆ నది నుంచే నీరు తోడుకునేది. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు లండన్ లో కలరా మరణాలను ఇంటింటా లెక్కకట్టాడు. ఏ కంపెనీ నీరు తాగిన ఇళ్ళలో ఎందరు చనిపోయారో పోల్చి చూసి, కలరా నీటి ద్వారా వస్తుందని వాదించాడు. అంతకు ముందే, 1852లో, ఒక చట్టం వచ్చింది. టెడింగ్టన్ అనే చోట ఉన్న ఆనకట్టకు దిగువన, అంటే సముద్రపు పోటు తగిలే భాగంలో, తాగునీరు తోడకూడదని ఆ చట్టం నీటి కంపెనీలను ఆదేశించింది. 1858 వేసవిలో నది నుంచి లేచిన దుర్వాసనకు పార్లమెంటు సభ్యులు కూర్చోలేకపోయారు. అప్పుడు గాని నగరానికి పెద్ద మురుగు కాలువలు కట్టడానికి డబ్బు మంజూరు కాలేదు.

టెడింగ్టన్ కు ఎగువ భాగం తాగునీటి నది అయింది. సరిగ్గా ఆ భాగమే విహారానికీ పేరు పొందింది. ఆవిరి లాంచీలు, ఇళ్ళవంటి పడవలు వారాల తరబడి అక్కడ లంగరు వేసుకునేవి. 1885లో బ్రిటిష్ పార్లమెంటు ఆ ఎగువ భాగాన్ని ప్రజల విహారం కోసం కాపాడటానికి, విహార పడవలను అదుపులో పెట్టడానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. పడవ మీద విహరించే హక్కుకు, నదిని కాపాడే బాధ్యతకు ఒకే చట్టంలో ముడి వేశారు. తాగునీటి మీద విహారం అన్న మన ప్రశ్న ఆనాటికే అక్కడ పుట్టిందన్నమాట.

ఈలోగా శాస్త్రం కూడా ముందుకు సాగింది. 1884లో రాబర్ట్ కోహ్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని గుర్తించాడు. ఆ చెరువు చుట్టూ ఉన్నవారు అందులోనే స్నానం చేసేవారు, బట్టలు ఉతికేవారు, ఆ నీరే తాగేవారు. పారే నీటికి మైల అంటదని పెద్దలు అనేవారు. నిలిచిన చెరువుకు ఆ మాట వర్తించదని అక్కడ తేలిపోయింది.

మురుగు నీటిలో కలిస్తే ఏమవుతుంది? మన అద్దకం పనివారికి ఒక సంగతి బాగా తెలుసు. రంగు తొట్టిని పెద్ద నీటిలో గుమ్మరిస్తే రంగు పలచబడుతుంది గాని పోదు. మనిషి మురుగు అంతకంటే కొంచెం చిక్కు. అది కుళ్ళుతుంది. కుళ్ళించే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. మురుగు ఎక్కువైతే ప్రాణవాయువు తరిగిపోతుంది, చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి. స్నానానికి పనికివచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని మన దేశపు ప్రమాణం చెబుతుంది. అంతేకాదు, 100 మిల్లీలీటర్ల నీటిలో మలం నుంచి వచ్చే సూక్ష్మజీవులు 500కు మించకుండా ఉండటం మేలని, ఎట్టి పరిస్థితిలోనూ 2,500 దాటకూడదని కూడా చెబుతుంది. ఇది స్నానపు నీటి సంగతి సుమా! తాగునీటిలో ఆ జాతి క్రిములు అసలే కనబడకూడదు.

కుళ్ళడం పూర్తయ్యాక కూడా రెండు పదార్థాలు మిగులుతాయి. ఒకటి నత్రజని, రెండోది భాస్వరం. ఈ రెండూ పొలానికి ఎరువు. నిలిచిన నీటిలో పడితే అవే నాచుకు ఎరువు. వేసవిలో ఉజని నీరు పచ్చబడిందన్న మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. ఆ పచ్చదనం వెనుక ఉన్న కథ ఇదే. పారే నది ఈ ఎరువును ఎంతో కొంత ముందుకు మోసుకుపోతుంది. సగానికి పైగా మృతనిల్వ ఉన్న జలాశయం దానిని తన కడుపులోనే దాచుకుంటుంది.

ఇప్పుడు పడవలో మురుగును శుద్ధి చేసే ఏర్పాట్లు చూద్దాం. మోటారు పడవలు సామాన్య కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చిన అమెరికాలో ఈ సమస్య ముందుగా ముదిరింది. 1972లో అక్కడి సమాఖ్య ప్రభుత్వం నీటి కాలుష్య నివారణ చట్టంలో పడవల మరుగుదొడ్లకు ఒక ప్రత్యేక విభాగం చేర్చింది. కదలకుండా బిగించిన మరుగుదొడ్డి ఉన్న ప్రతి పడవలోనూ ఆమోదం పొందిన శుద్ధి పరికరం ఉండాలన్నది దాని సారాంశం. కొత్త పడవలకు ముందుగా, పాత పడవలకు 1980 నుంచి ఈ నియమం అమలయింది.

ఆ పరికరాలను మూడు తరగతులుగా విభజించారు. మొదటి తరగతి పరికరం మలాన్ని మెత్తగా నూరి, క్లోరిన్ వంటి మందుతో క్రిములను చంపి బయటికి వదులుతుంది. కొన్నింటిలో మందు పోయనవసరం లేదు. ఉప్పునీటి గుండా విద్యుత్తును పంపితే క్రిములను చంపే క్లోరిన్ అక్కడికక్కడే పుడుతుంది. మంచినీటి మీద తిరిగే పడవ అయితే తొట్టిలో ఉప్పు వేసుకోవాలి. ఇలా వదిలే నీటిలో 100 మిల్లీలీటర్లకు మలక్రిములు 1,000కి మించరాదు, కంటికి కనబడే తేలుడు ముద్దలు ఉండరాదు. రెండో తరగతి పరికరం ఇంకా కట్టుదిట్టమైనది. చాలావరకు గాలి పంపి, మేలు చేసే సూక్ష్మజీవులతో మురుగును కుళ్ళించి, ఆపైన క్రిములను చంపుతుంది. దానికి హద్దు 200 మలక్రిములు, లీటరుకు 150 మిల్లీగ్రాముల తేలుడు పదార్థం. మూడో తరగతి అన్నింటికంటే సాదా. అది ఒక మూసిన ట్యాంకు, అంతే. మురుగు అందులో చేరుతుంది, ఒడ్డుకు వచ్చాక గొట్టం పెట్టి పంపుతో తోడేస్తారు.

సాదాగా కనబడే ఈ మూడో తరగతే చివరికి అన్నింటికంటే నమ్మదగినదని అనుభవం చెప్పింది. మొదటి రెండు పరికరాలు క్రిములను చంపుతాయి గాని ముందు చెప్పుకున్న నత్రజని, భాస్వరాలను చాలావరకు నీటిలోనే విడిచిపెడతాయి. అందుకే అమెరికా నియమాలలో మనం గమనించవలసిన ఒక మాట ఉంది. బయటి నుంచి పడవలు రాలేని, బయటికి పోలేని మంచినీటి సరస్సులు, జలాశయాలలో శుద్ధి చేసిన మురుగును సైతం పడవ వదలరాదు. ట్యాంకులో దాచవలసిందే, ఒడ్డున అప్పగించవలసిందే. ఆనకట్టతో మూసుకున్న ఉజని వంటి జలాశయాన్ని ఆ కొలతతో కొలిస్తే అది పూర్తి నిషేధపు నీరే అవుతుంది.

నియమం రాసినవారు మనుషుల స్వభావాన్ని కూడా ఎరిగినవారే. ట్యాంకు ఉన్న పడవలో కూడా మురుగును నేరుగా నీటిలోకి మళ్ళించే వాల్వు ఉంటుంది. చీకటి పడ్డాక దానిని తిప్పేస్తే అడిగేవారెవరు? అందుకని నిషేధపు నీటిలో ఆ వాల్వును మూసి తాళం వేయాలి, లేదా తెంచితే తప్ప ఊడని తీగతో కట్టాలి, లేదా పిడిని ఊడదీసి పెట్టాలి అని రాశారు. తనిఖీకి వచ్చినవారు నీటిని పరీక్షించనక్కరలేదు, తాళం చూస్తే చాలు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ట్యాంకు నిండిన పడవ ఎక్కడికి పోవాలి? ఒక ఉదాహరణ చూడండి. 20 మంది ఒక పగలూ ఒక రాత్రీ పడవ మీద ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు అయిదుసార్లు మరుగుదొడ్డి వాడి, ప్రతిసారి రెండు లీటర్ల నీరు పోస్తే 200 లీటర్లవుతుంది. అంటే ఒక పెద్ద పీపాడు. దాన్ని తీసుకునే చోటు ఒడ్డున లేకపోతే చట్టం ఎంత గట్టిదైనా ఆ పీపా నదిలోనే ఖాళీ అవుతుంది. 1992లో అమెరికా మరో చట్టం చేసి, రేవులలో మురుగు తోడే పంపులు పెట్టడానికి డబ్బు కేటాయించింది. ఆ నిధికి ఆధారం చేపల వేట సరంజామా మీద, మోటారు పడవల ఇంధనం మీద వేసిన పన్నులు. విహరించేవారి డబ్బుతోనే విహారపు మురుగు ఎత్తారన్నమాట. మొదటి చట్టానికి, ఈ ఏర్పాటుకు మధ్య 20 ఏళ్ళు గడిచిపోయాయి. ఆ 20 ఏళ్ళ ఆలస్యం మనం మళ్ళీ పడనక్కరలేదు.

సముద్రం మీది నియమాలను క్లుప్తంగా చెప్పుకుందాం. ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం 1973లో కుదిరింది. అందులో మురుగుకు సంబంధించిన నాలుగో అనుబంధం అమలులోకి రావడానికి 30 ఏళ్ళు పట్టింది. 2003 సెప్టెంబరు 27న గాని అది మొదలు కాలేదు. 400 టన్నుల పరిమాణం దాటిన ఓడలకు, లేదా 15 మందికి మించి మనుషులను మోయడానికి అనుమతి ఉన్నవాటికి అది వర్తిస్తుంది. శుద్ధి చేయని మురుగును ఒడ్డుకు 12 నాటికల్ మైళ్ళు దాటాకే, ఓడ నడుస్తూ ఉండగా, కొంచెం కొంచెంగా వదలాలి. నూరి, క్రిములను చంపినదైతే 3 నాటికల్ మైళ్ళు దాటాలి. 12 నాటికల్ మైళ్ళంటే సుమారు 22 కిలోమీటర్లు. ఉజనిలో ఎటు చూసినా ఒడ్డుకు 22 కిలోమీటర్ల దూరాన ఉండే చోటే లేదు. మహాసముద్రానికే అంత దూరం అవసరమని లోకం ఒప్పుకున్నాక, చెరువుల సంగతి వేరే చెప్పాలా? చిన్న విహార పడవలను కూడా విడిచిపెట్టని దేశాలున్నాయి. స్వీడన్ 2015 ఏప్రిల్ నుంచి విహార పడవల మరుగుదొడ్డి మురుగును తన నీటిలో ఎక్కడా వదలరాదని నిషేధించింది.

మన దేశంలో ఏముంది? నీటి కాలుష్యం మీద మహారాష్ట్ర 1969లోనే సొంత చట్టం చేసుకుంది. 1974లో దేశమంతటికీ ఉద్దేశించిన జల కాలుష్య నివారణ చట్టం వచ్చింది. తెలిసి తెలిసి నదిలోకి, చెరువులోకి కాలుష్యం వదలడాన్ని ఈ చట్టం నిషేధిస్తుంది. పడవల విషయానికి వస్తే 1917 నాటి ఆంగ్లేయుల చట్టమే శతాబ్దానికి పైగా నడిచింది. దాని స్థానంలో 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది, 2022లో కాలుష్య నివారణకు ప్రత్యేక నియమాలూ వచ్చాయి. యంత్రంతో నడిచే పడవ కాలుష్య పదార్థాలను నీటిలో వదలరాదనీ, కాలుష్య నివారణకు ధ్రువపత్రం పొందాలనీ, రేవులలో వ్యర్థాలను స్వీకరించే ఏర్పాటు ఉండాలనీ అది చెబుతుంది. అమలు బాధ్యత ప్రధానంగా రాష్ట్రాలది. తెడ్డు పడవల సంగతిని రాష్ట్రాలు స్థానిక సంస్థలకు అప్పగించవచ్చు. కాబట్టి కాగితం మీద మనం వెనుకబడి లేము.

కాగితం దాటి చూస్తే, పడవల మీద నివాసం పెరిగిన చోట్ల సమస్య ముందుగా బయటపడింది. కేరళలో ఒకప్పుడు వడ్లు మోసిన కెట్టువళ్ళాలు విహారపు ఇళ్ళ పడవలుగా మారి, ఆలప్పుళ చుట్టుపక్కల కాయళ్ళను నింపేశాయి. వాటి మురుగు తోడి శుద్ధి చేయడానికి కుప్పప్పురం దగ్గర ఒడ్డున కేంద్రం కట్టవలసి వచ్చింది. శ్రీనగర్ దాల్ సరస్సులో ఇళ్ళ పడవల మురుగు కోర్టుల దాకా వెళ్ళింది. తెలుగు నేలలో పాపికొండల లాంచీలు, కోనసీమలోని దిండి ఇళ్ళ పడవలు, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా సాగే లాంచీ ప్రయాణం జనాన్ని ఆకర్షిస్తున్నాయి. అక్కడ కూడా రేవులో మురుగు దించే ఏర్పాటు ఏమిటన్న ప్రశ్న అడగదగినదే.

పడవల నియమాలు మనకు సాధారణంగా ప్రమాదం జరిగాకే గుర్తుకు వస్తాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. 2024 మే 21న ఉజని జలాశయంలోనే పడవ బోల్తాపడి ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత తొడుగుడు జాకెట్లు, పడవ బరువు, వాతావరణ హెచ్చరికలు చర్చకు వచ్చాయి. రావలసిందే. మురుగు మాత్రం పడవను ముంచదు కనుక ఎవరి దృష్టికీ రాదు. అది చేసే హాని దూరాన, ఎవరి ఇంట్లోనో, పసిపిల్లల విరేచనాలుగా, కామెర్లుగా బయటపడుతుంది. పడవకు, ఆ ఇంటికి సంబంధం ఉందని ఎవరూ అనుకోరు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పుణె, పింప్రి-చించ్‌వడ్ నగరాల మురుగు ముళా, ముఠా, పవనా నదుల గుండా భీమాలో కలిసి ఉజనికి చేరుతున్నది. అది ఏనుగైతే పడవల మురుగు దోమ. ఏనుగును వదిలి దోమ వెంట పడటం ఏమి న్యాయం? ఈ ప్రశ్న సరైనదే. పడవలను కట్టడి చేసినంత మాత్రాన ఉజని శుభ్రపడదు. నగరాల మురుగు శుద్ధి కావడమే అసలు పని. అయినా పడవల నియమాన్ని వాయిదా వేయకపోవడానికి మూడు కారణాలున్నాయి. నగరపు మురుగు నదిలో చాలా దూరం ప్రయాణించి వస్తుంది, దారిలో కొన్ని క్రిములైనా చస్తాయి. పడవ వదిలేది తాజా మురుగు, అదీ నీరు తోడే చోటికి దగ్గరగా వదిలే అవకాశం ఉంది. రెండోది, పడవలు ఇంకా తక్కువగా ఉన్నప్పుడే నియమం పెట్టడం తేలిక. వందలాది పడవలు, వాటి మీద బతికే వేలాది కుటుంబాలు ఏర్పడ్డాక నియమం పెడితే అది కూటిమీద కొట్టినట్టవుతుంది. మూడోది అన్నింటికంటే ముఖ్యం. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఒక్కొక్కరూ నాది చిన్నదే అనుకుంటే నది ఎప్పటికీ బాగుపడదు. ఎగువవారిని అడిగే నోరు మనకు ఉండాలంటే మన చేయి శుభ్రంగా ఉండాలి. ఈ మాట పడవలకే కాదు, మన పేటల మోరీలలోకి పోయే రంగునీటికీ చెల్లుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.

నియమం పేద పడవవాడి నెత్తిన పడకుండా చూడటమూ అవసరమే. గంటసేపు తిప్పి తెచ్చే చిన్న పడవకు మరుగుదొడ్డీ వద్దు, ట్యాంకూ వద్దు. దానికి కావలసింది రేవు ఒడ్డున నీళ్ళున్న, తలుపున్న, ఆడవాళ్ళు జంకు లేకుండా వెళ్ళగలిగే శుభ్రమైన మరుగుదొడ్డి. అది కట్టవలసింది పడవవాడు కాదు, రేవుకు రుసుము వసూలు చేసే సంస్థ. రాత్రి బస ఉండే పెద్ద పడవలకు మాత్రం మూసిన ట్యాంకు, తాళం వేసిన వాల్వు తప్పనిసరి కావాలి. స్నానాల నీరు, వంటింటి నీరు అంతర్జాతీయ ఒప్పందంలో మురుగు కింద లెక్కకు రాకపోయినా, తాగునీటి జలాశయంలో దానినీ ట్యాంకుకే పంపడం మేలు. ట్యాంకులో వాసనకు పోసే ఘాటు మందులు ఒడ్డున శుద్ధి కేంద్రంలో మేలు చేసే క్రిములను చంపేస్తాయి కనుక వాటి మీదా అదుపు ఉండాలి. ఇంకొక మాట. ఆ ట్యాంకును తోడేది పంపు కావాలి, మనిషి కాకూడదు. మనిషిచేత మలం ఎత్తించడాన్ని 1993లోను, మరింత గట్టిగా 2013లోను మన చట్టాలు నిషేధించాయి. నీటిని కాపాడే పేరుతో ఒక మనిషిని మురుగులోకి దించే పని జరగరాదు.

కాబట్టి ఎప్పుడైనా మీరు పిల్లలతో ఉజనికో, గోదావరికో, సాగర్ కో వెళ్ళి పడవ ఎక్కినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పడవలో మరుగుదొడ్డి ఉందా? ఉంటే ట్యాంకు ఉందా? ట్యాంకు నిండితే ఎక్కడ ఖాళీ చేస్తారు? వాల్వుకు తాళం ఉందా? జవాబు రాకపోయినా ఫరవాలేదు. పదిమంది అడిగితే పదకొండోవాడు వచ్చేసరికి జవాబు సిద్ధం చేసుకుంటారు. మీ వార్డు సభ్యుణ్ణి కూడా అడగండి. జల విహారానికి అనుమతి ఇచ్చే ముందు రేవులో మురుగు దించుకునే ఏర్పాటు పూర్తి కావాలన్న షరతు పెట్టించమనండి. పడవ ముందు, పంపు తర్వాత అనే పద్ధతి ఇతర దేశాలలో ఎంత ఆలస్యానికి దారితీసిందో ఇప్పుడే చెప్పుకున్నాం.

చివరగా, భీమా నది మన ఊరి దగ్గర ఆగిపోదు. షోలాపూర్ జిల్లా దాటి, కర్ణాటకలో కలబురగి జిల్లా గుండా పారి, తంగడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తంగడి ఈనాటి తెలంగాణలో నారాయణపేట జిల్లాలో ఉంది. ఒకప్పుడు అదంతా పాలమూరే. దాజీ పేట్ కు వలస వచ్చిన కుటుంబాలలో కొందరి పెద్దల ఊళ్ళు ఆ వైపే ఉన్నాయి. అక్కడి నుంచి ఆ నీరు జూరాలకు, శ్రీశైలానికి, నాగార్జునసాగర్ కు పోతుంది. ఎగువవారు పంపిన నీరు మనం తాగుతున్నాం. మనం పంపిన నీరు మన బంధువులు తాగుతున్నారు. ఉజని మీద విహరించే పడవ కూడా ఈ వరుసలో ఒక ఇల్లే. ఏ ఇంటి మురుగుకు ఆ ఇంటివారే పూచీ పడాలన్న న్యాయం పడవకూ వర్తించాలి.